అరవై రెండు శాతం కారు

మా ఆయన్ని ఒక స్కూటరు దాటేసింది. అదీ ఎత్తు రోడ్డు మీద. ముందు ఒక ముసలాయన, వెనక ఒక పెద్దావిడ, ఇద్దరి మధ్యా ఒక గ్యాస్ సిలిండరు. దాటేసి ఊరుకున్నా బాగుండేది. పెద్దావిడ వెనక్కి తిరిగి మా కారు వంక జాలిగా చూసిందట. అక్కడ కాలింది మా ఆయనకి.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా ప్రకటించాడు.

"ఆదివారం కారుని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తున్నా. పవర్ పెంచిస్తా. లోపల కంప్యూటర్లో లెక్కలు మారుస్తారట, టర్బో ప్రెషర్ పెంచుతారట. ముప్పై గుర్రాల బలం ఎక్కువొస్తుందట."

"ఉన్న గుర్రాలకే దాణా పెట్టలేక ఛస్తున్నాం," అంది మా అత్తయ్య టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

మామూలుగా అయితే ఈ మాటకి నేను ఇల్లు పీకి పందిరి వెయ్యాలి. కానీ తేలు కుట్టిన దొంగలా టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే మా కారు ఎందుకు లాగడం లేదో నాకు తెలుసు. యాక్సిలరేటర్ పెడల్ కింద ఒక రబ్బరు ముక్క ఉంది. ఎంత తొక్కినా పెడల్ దాని దగ్గర ఆగిపోతుంది. ఏడేళ్ళ కిందట దాన్ని అక్కడ పెట్టింది నేనే.

నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మా వీధుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ లిఫ్టమ్మనే. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన మనిషి "అమ్మా!" అని అరిచాడంటే కన్నతల్లిని కాదు, నన్ను పిలుస్తున్నట్టు లెక్క.

మా ఆయన పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కూర్చుని వాటికి సరిపోయే కట్టుడు పళ్ళు చేసి, మళ్ళీ తనే తీసుకెళ్ళి ఇచ్చొస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పద్నాలుగు క్లినిక్కులు. జనాల నవ్వులన్నీ డబ్బాల్లో పెట్టి వెనక సీట్లో వేసుకుని రోజంతా తిరగడమే. అలా తిరిగి తిరిగి మా కారు మీటరు రెండు లక్షల తొంభై మూడు వేల కిలోమీటర్లు దాటింది. మనిషైతే ఈపాటికి మునిమనవల్ని ఆడించేది.

అది టర్బో కారు. ఇంజను వదిలే పొగ విసురుకే తిరిగే చిన్న ఫ్యానొకటి ఉంటుంది, అది ఇంజనులోకి గాలి కుక్కుతుంది. గట్టిగా తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. కొన్న కొత్తలో మా ఆయనకి ఆ అతుక్కోవడమంటే పిచ్చి. మామూలుగా చీమకి కూడా దారిచ్చే మనిషి. స్టీరింగు చేతికొచ్చిందా, ముందున్న ప్రతి బండివాడూ తాతల నాటి ఆస్తి కాజేసి పారిపోతున్నట్టే వెంటపడేవాడు.

ఏడేళ్ళ కిందట, ఇదే ఎత్తు రోడ్డు మలుపులో, ఒక సిమెంటు లారీని దాటబోయాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. బెల్టు తీసేసి, రెండు సీట్ల మధ్యలోకి తల దూర్చి, బళ్ళో జరిగిన గొడవేదో నాకు చెబుతోంది. ఎదురుగా బస్సు వచ్చింది. ఆయన స్టీరింగు పక్కకి తిప్పేశాడు. బస్సు దాని దారిన పోయింది, లారీ దాని దారిన పోయింది, మేం మాత్రం వెళ్ళి కల్వర్టు గోడకి గుద్దుకున్నాం. మా ఇద్దరికీ గీత కూడా పడలేదు. పిల్ల మొహం వచ్చి గేరు రాడ్డుకి కొట్టుకుంది. పై పెదవి చీలింది, ముందు పన్ను విరిగింది.

ఆసుపత్రి వరండాలో ఆయన నా చేతిలో చెయ్యేసి ఒట్టేశాడు, ఇంక జన్మలో స్పీడు పోనని. నేను నమ్మాను. పిల్ల పెదవికి కుట్లు విప్పించుకుని స్నేహితుడి కారులో ఇంటికి వస్తూ, ఒట్టేసి వారం తిరక్కుండానే, నీళ్ళ ట్యాంకరుని దాటాడు. వెనక సీట్లో పిల్ల నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆయన చూడలేదు. నేను అరవలేదు. అరిచి లాభం లేదని అప్పుడే తెలిసిపోయింది.

తర్వాత పిల్ల పన్ను ఆయనే చేశాడు. అబద్ధమెందుకు, పని చాలా గొప్పగా చేశాడు. కాస్త పసుపు, అంచున సన్నటి గీత, పక్క పన్నుకి అచ్చం కవల. ఇంటికి ఎవరొచ్చినా "ఏదమ్మా, నవ్వు" అని పిల్లని నవ్వించి, ఏది పెట్టుడు పన్నో చెప్పుకోండి చూద్దాం అంటాడు. ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. ఆ పన్ను ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు.

ఇక రబ్బరు సంగతి. ప్రతి లిఫ్టుకీ పైన మెషీను గదిలో గవర్నర్ అని ఒక చక్రం ఉంటుంది. లిఫ్టు వేగం హద్దు దాటిందంటే అది పట్టేస్తుంది, అంతే, లిఫ్టు పట్టాలని కరుచుకుని ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ హద్దు ఎవరూ మార్చకుండా దానికి సీలు వేస్తాం. "కాస్త స్పీడు పెంచమ్మా, మా ఆఫీసర్లకి టైము లేదు" అని అడిగిన ప్రతివాడికీ "మెట్లున్నాయి, పరిగెత్తమనండి" అనే చెప్పాను. ఊరందరి లిఫ్టులకీ హద్దు పెట్టేదాన్ని, నా మొగుడి కాలికి పెట్టలేనా? కారు బాగై ఇంటికొచ్చిన రోజున, నా పనిసంచిలోంచి లిఫ్టు తలుపు స్టాపర్ రబ్బరు ఒకటి తీసి, కొలిచి, కోసి, పెడల్ కింద కార్పెట్ లేపి రేకుకి అతికించేశాను.

"దెబ్బ తిన్న కారు, ఇంక మునుపట్లా లాగదు," అన్నాడు మా ఆయన నాలుగు రోజులయ్యాక.

"పాపం," అన్నాను. ఏడేళ్ళుగా అంటూనే ఉన్నాను.

తప్పే. కట్టుకున్నవాణ్ణి రోజూ మోసం చేశాను. కానీ నాకు కావలసింది ఒక్కటే, ఆ కారెక్కిన నా మనుషులు ఎక్కినట్టే దిగాలి. ఇప్పుడు మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. వచ్చే గురువారం దాని లైసెన్సు పరీక్ష. ఆ తర్వాత అదే కారు, అదే రోడ్డు, ఈయనగారి ముప్పై గుర్రాలు అదనం.

వారమంతా వాదించాను. ఇన్ని లక్షలు తిరిగిన టర్బో లోపల ఎంత అరిగి ఉంటుందో ఎవరికి తెలుసు, ఇంకా గాలి కుక్కితే ముక్కలై ఆ ముక్కలు ఇంజనులోకి పోతాయన్నాను. క్లచ్చి జారుతుందన్నాను. ఇంజను పోతే పద్నాలుగు క్లినిక్కుల్లోనూ జనం బోసినోళ్ళతో మీకోసం ఎదురుచూస్తారన్నాను. ఆయన పళ్ళ ఆర్డరు చీటీల వెనక బోలెడంత రాసుకొచ్చాడు. వీడియోల్లో ఎవడో మూడున్నర లక్షలు తిరిగిన బండికి పవర్ పెంచుకున్నాడట, అది ఇంకా పరిగెడుతోందట. వీడియో తీసినప్పుడు పరిగెట్టింది, మర్నాడు వీడియో తీశాడా అని అడిగాను.

"ఒరేయ్," అంది అత్తయ్య, "నాకు డెబ్బై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళూ మార్పించావు. మార్పించాక నన్ను పరుగు పందేనికి పంపించావా? నడిస్తే చాలన్నావు కదా?"

"నువ్వు మనిషివమ్మా. అది కారు."

"ఏమో నాయనా, నాకంటే దానికే ఎక్కువ సార్లు స్నానం చేయిస్తావు."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. కాసేపయ్యాక, నేను గిన్నెలు సర్దుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నవ్వుకోండి. కానీ ఒక్క మాట చెబుతా విను. ఆ స్కూటరు దాటేసినప్పుడు కారుని దాటినట్టు అనిపించలేదు నాకు. నన్ను దాటినట్టు అనిపించింది. యాభై రెండేళ్ళు నాకు. కాలు నేలకి ఆనేదాకా తొక్కుతా, ఏమీ రాదు. నేనూ ఇంతేనేమో, నా పనీ అయిపోయిందేమో అనిపిస్తుంది."

ముసలితనం కాదయ్యా మహానుభావా, రబ్బరు! అని అరవాలనిపించింది. మింగలేక కక్కలేక, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ నిలబడ్డాను.

శుక్రవారం భోజనాల దగ్గర ఇంకో పిడుగు పడింది. ఆయన ఎంచుకున్న మేస్త్రికి ఊళ్ళో "ఆగండి మేస్త్రి" అని పేరట. పవర్ పెంచమని ఎవరొచ్చినా ముందు "ఆగండి" అంటాడట. రెండు లక్షలు దాటిన బండైతే, అన్నీ కొలిచిగానీ చెయ్యి వెయ్యడట.

"ఒక్కో సిలిండరులో ఎంత ఒత్తిడి ఉందో చూస్తాడట. టర్బో ఊగుతోందేమో చూస్తాడట. చివర్లో మనచేత పెడల్ తొక్కించి, ఎంత శాతం అందుతోందో తెర మీద చూపిస్తాడట!"

ముద్ద నా గొంతులో అడ్డంపడింది. మా అమ్మాయి వీపు చరిచి నీళ్ళిచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీయగానే, పనిసంచి పట్టుకుని కిందికి దిగాను. కారు తలుపు తీసి, స్టీరింగు కింద తల దూర్చి, కార్పెట్ లేపాను. రబ్బరు పెట్టినది పెట్టినట్టే ఉంది. దాన్ని పట్టి ఉంచింది మా లిఫ్టుల బంక. డబ్బా మీద "శాశ్వతం" అని రాసి ఉంటుంది. డబ్బాల మీద రాసేవన్నీ అబద్ధాలే, నా ఖర్మకొద్దీ ఇదొక్కటే నిజమైంది. స్క్రూడ్రైవరుతో పొడిచాను, కదల్లేదు. కట్టరు పెట్టి కోశాను, బ్లేడు విరిగింది.

"ఏం అమ్మాయ్, కారుకి కాళ్ళు మొలిచాయా?"

అత్తయ్య. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటివాళ్ళ అమ్మాయి నిశ్చితార్థం సంగతి పక్కింటివాళ్ళకే మొదట చెప్పిన మనిషి.

"చెవి దుద్దు పడిపోయింది అత్తయ్యా, వెతుకుతున్నా."

"రెండు చెవులకీ ఉన్నాయిగా."

ఆవిడ మార్పించుకున్న మోకాళ్ళు మెల్లగా వంచి, తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసింది.

"ఆ రబ్బరేనా? ఇంకా ఊడలేదూ?"

నా తల స్టీరింగుకి ఠంగుమని తగిలింది. "మీకు తెలుసా?"

"నువ్వు అతికించేటప్పుడు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నా. ఏదో మంచిపనే చేస్తోందిలే అనుకున్నా."

"ఏడేళ్ళు ఎవరికీ చెప్పలేదా? మీరా?"

"దాని పెదవికి కుట్లు వేస్తుంటే నేనూ ఉన్నాను అమ్మాయ్," అంది అత్తయ్య. "కొన్ని చెప్పబుద్ధి కాదు." అని చెయ్యి చాపి, "ఇటివ్వు ఆ స్క్రూడ్రైవరు, నేనూ ఒక పోటు పొడుస్తా," అంది.

అత్తాకోడళ్ళం ఒకరి తరవాత ఒకరం అరగంట పొడిచాం. మా సఖ్యత చూసినవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. రబ్బరు మాత్రం కరగలేదు. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"మీ ఆవిడ కారు తుడుస్తోంది రా!" అని అరిచింది అత్తయ్య, నా చేతిలో ఒక పాత గుడ్డ కుక్కుతూ, ఎవరూ అడక్కుండానే.

మా ఆయన వచ్చి, చెమటలు కక్కుతున్న నా మొహం చూశాడు, చేతిలో గుడ్డ చూశాడు. కళ్ళు మెరిశాయి.

"నువ్వు ఒప్పుకోవేమో అనుకున్నా. చివరికి నువ్వే ముస్తాబు చేస్తున్నావన్నమాట!"

ఆ సంతోషం చూడలేకపోయాను. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఆయన అప్పటికే ఈల వేసుకుంటూ మెట్లెక్కేస్తున్నాడు.

ఆదివారం పొద్దున్నే నలుగురం మేస్త్రి షెడ్డులో ఉన్నాం. నన్ను వద్దన్నాడు, వినలేదు. అత్తయ్యని ఎవరూ రమ్మనలేదు, ఆవిడే ముందెక్కి కూర్చుంది. అమ్మాయికి గురువారం పరీక్ష కాబట్టి తనే నడుపుతూ మమ్మల్ని తీసుకొచ్చింది. ఆగండి మేస్త్రి సన్నగా, నూనె మరకల చొక్కాతో, ఎవరో చెప్పిన అబద్ధం వింటున్నట్టు ఒక కన్ను మూసి మాట్లాడే మనిషి.

"పవర్ పెంచాలి," అన్నాడు మా ఆయన.

"ఆగండి," అన్నాడు మేస్త్రి.

గంటన్నర కొలిచాడు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరుకీ మీటరు బిగించి చూసి కాగితం మీద రాసుకున్నాడు. టర్బోకి వెళ్ళే గొట్టం ఊడదీసి, లోపలి ఇరుసుని వేళ్ళతో పట్టి ఊపి చూశాడు. మళ్ళీ మొదటి సిలిండరు కొలిచాడు. చివరికి మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"సార్, ఏమీ అనుకోకండి. ఈ బండికి మీటరు ఎవరైనా ముందుకి తిప్పారా?"

"ముందుకా?"

"వెనక్కి తిప్పేవాళ్ళని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. ముందుకి తిప్పినవాణ్ణి చూడలేదు. కానీ నాలుగు సిలిండర్లూ నాలుగు కవలపిల్లల్లా ఉన్నాయి, టర్బో ఇరుసు కదలడం లేదు. ఇది మూడు లక్షల బండి కాదు. ఎవరు నడిపారండీ దీన్ని, ఇంత ఒద్దికగా?"

"నేనే," అన్నాడు మా ఆయన. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"అయితే భయం లేదు. పవర్ పెంచినా తట్టుకుంటుంది."

చూశారా నా ఖర్మ! ఆయన గట్టిగా తొక్కకూడదని నేను రబ్బరు పెడితే, ఆ రబ్బరే ఇంజనుని పడుచుగా ఉంచి, ఇప్పుడు బలం మందుకి తయారుచేసి పెట్టింది. అత్తయ్య నా వంక చూసింది. నేను షెడ్డు కప్పు వంక చూశాను.

మేస్త్రి స్టీరింగు కింద ఏదో తీగ తగిలించి, ఒక చిన్న తెర చేత్తో పట్టుకున్నాడు. అమ్మాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమన్నాడు.

"అరవై రెండు," అన్నాడు. "ఇంకా తొక్కమ్మా."

"అయిపోయింది. నేలకి ఆనింది."

"లేచి ఇటు రా, నీ బలం చాలదు," అని మా ఆయన ఎక్కాడు. ఒక కాలితో తొక్కాడు. రెండు కాళ్ళతో తొక్కాడు. వీపు సీటుకి ఆనించి, పళ్ళు బిగించి, నుదుటి నరాలు తేలేలా తొక్కాడు.

"అరవై రెండు," అన్నాడు మేస్త్రి. టార్చి తీసుకుని పెడల్ కిందికి వంగాడు. కార్పెట్ లేపిన చప్పుడు వినిపించింది. "ఎవరో అడ్డం పెట్టారు సార్. రబ్బరు. కొత్తగా పొడిచిన గాట్లు కూడా ఉన్నాయి. ఇది కారు సామాను కాదు, మీద ఏదో అచ్చుంది... తలుపు స్టాపరు... లిఫ్టు..."

ఆ షెడ్డులో లిఫ్టుకీ తనకీ సంబంధం ఉన్న ప్రాణిని నేనొక్కదాన్నే. అందరూ నావైపు తిరిగారు.

"నువ్వా?" అన్నాడు మా ఆయన.

"నేనే."

"ఎప్పుడు?"

"గోడకి గుద్దాక బండి బాగై వచ్చిన రోజు."

ఏడేళ్ళు ఆయన మొహంలో ఒక్కొక్కటిగా వెనక్కి తిరగడం కనబడింది. దాటిపోయిన వ్యాన్లు, ట్రాక్టర్లు, ఆఖరికి ఆ సిలిండరు స్కూటరు.

"ఏడేళ్ళు! కారు పాడైందని నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని పాపం అన్నావు! నేను ముసలాణ్ణయిపోయానని చెప్పుకున్నా నీతో, గిన్నె తోముతూ ఊరుకున్నావు! ఒక్క మాట అడిగావా నన్ను?"

"అడిగాను. ఆసుపత్రిలో అడిగితే ఒట్టేశారు. కుట్లు విప్పిన రోజునే తీసి గట్టు మీద పెట్టారు. ఊళ్ళో ప్రతి లిఫ్టుకీ ఇలాంటిది పెడుతున్నా. లిఫ్టుని అడిగి పెడుతున్నానా?"

"నేను లిఫ్టుని కాను!"

"లిఫ్టయితే నయం. మాట వింటుంది."

మేస్త్రి టార్చి ఆర్పేశాడు. మా అమ్మాయి నాలిక చివరితో ముందు పన్ను తడుముకుంటోంది. కంగారుపడితే దానికదో అలవాటు. ఆయన కూడా చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

"తీసెయ్ మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రి వేడిగాలి పట్టి, ఉలితో పదినిమిషాల్లో ఊడగొట్టాడు. "సార్, ఉన్న బలమే మీరు ఏడేళ్ళుగా ముట్టుకోలేదు. ముందు దాన్ని చూసుకుని రండి. కొత్త బలం సంగతి తరవాత చూద్దాం."

మా ఆయన తాళం తీసుకున్నాడు. నేనూ వస్తానన్నాను. "వద్దు," అన్నాడు. అంత మెల్లగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కారు షెడ్డులోంచి బాణంలా పోయింది. నూటికి నూరు శాతం.

షెడ్డు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నేను చేసిన తప్పు నాకు తెలుస్తోంది, ఒప్పు కూడా తెలుస్తోంది. కోపంగా ఉన్న మనిషి, పూర్తి పెడలు, ఎత్తు రోడ్డు. ఫోను చేద్దామంటే బండి నడుపుతున్నాడని భయం, ఊరుకుందామంటే వేళ్ళు మళ్ళీ ఫోను మీదికే పోతున్నాయి.

"అయితే నేను నేర్చుకున్నది అరవై రెండు శాతం కారు మీదా?" అంది అమ్మాయి.

"అవునే తల్లీ."

"గురువారం పాసైతే అరవై రెండు శాతం లైసెన్సిస్తారా?"

నవ్వొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. అత్తయ్య నా వీపు మీద చెయ్యేసి, తీయలేదు.

యాభై నిమిషాలకి కారు వచ్చింది. ఎక్కడా గీత లేదు. మా ఆయన జుట్టు రేగిపోయి, మొహం పాతికేళ్ళ కుర్రాడిలా ఉంది. కళ్ళు మాత్రం కుర్రాడివి కావు.

"కంప్యూటర్ వద్దు మేస్త్రీ," అన్నాడు. "ఆ రబ్బరు మాత్రం ఇలా ఇవ్వండి." రబ్బరు జేబులో వేసుకుని, వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నీ అత్తయ్య ద్వారానే. "అమ్మా, ఉప్పు అందివ్వమను." నేను ఉప్పు అందించేదాన్ని. "అమ్మా, చాలని చెప్పు." ల్యాబునించి ఆలస్యంగా వచ్చేవాడు, గోళ్ళ సందుల్లో గులాబీ రంగు పొడి.

బుధవారం సాయంత్రం ల్యాబునించి త్వరగా వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "కిందికి రా. ఒక్కసారి." నేరుగా నాతోనే.

కారు తలుపు తీసి, టార్చి వేసి చూపించాడు. పెడల్ కింద, కార్పెట్ మీద, స్క్రూలతో బిగించి ఒక దిమ్మ ఉంది. కట్టుడు పళ్ళకి చిగుళ్ళు చేసే గులాబీ పదార్థంతో చేసినది, గాజులా మెరుస్తోంది. దాని నెత్తిన ఒకే ఒక్క ముందు పన్ను నిలబడి ఉంది. కాస్త పసుపు, అంచున సన్నటి గీత.

ఆ పన్ను నాకు తెలుసు.

"ఎవరికి చేసినా రెండు చేస్తాను," అన్నాడు. "ఒకటి విరిగితే ఇంకోటి ఉండాలని. ఇది రెండోది. ఏడేళ్ళుగా సొరుగులోనే ఉంది."

నేను వంగి, దాన్ని వేలితో తాకి చూశాను.

"ఆదివారం ఎత్తు రోడ్డు ఎక్కా. వీపు సీటుకి అతుక్కుంది. ఎంత బాగుందో నీకు చెప్పలేను. ఒక లారీని దాటా, రెండోదాన్ని దాటా. మలుపు దగ్గర మూడోది. కాలు కిందికి పోతూనే ఉంది, ఆపేదేమీ లేదు. అద్దంలో వెనక సీటు కనబడింది, ఖాళీగా. హమ్మయ్య, ఎవరూ లేరులే అనుకున్నా. అలా అనుకున్నానని తెలిసి నామీద నాకే భయమేసింది. కాలు తీసేశా." టార్చి అటూ ఇటూ తిప్పాడు. "నోటితో వేసిన ఒట్టు నిలవలేదు. చేత్తో చేసిందైనా నిలుస్తుందేమో. రబ్బరైతే తొక్కుతా. పిల్ల పన్ను మీద కాలెలా వేస్తాను?"

"తప్పయిపోయింది," అన్నాను. "రబ్బరు పెట్టినందుకు కాదు. మీరు ముసలివాళ్ళయిపోయారని బాధపడుతుంటే చూస్తూ ఊరుకున్నందుకు."

"అప్పుడే నన్ను అడిగి పెట్టాల్సింది."

"అడిగితే ఒప్పుకునేవారా?"

ఆలోచించాడు. "లేదు."

అలవాటు చావదు కదా, వంగి పెడల్ నొక్కి చూశాను. "ఎంత దగ్గర ఆగుతుంది ఇది?"

"ఎనభై."

"ఎనభై ఎక్కువ. డెబ్బై చెయ్యండి."

"డెబ్బై అయిదు."

"సరే. స్క్రూల మీద సీలు మాత్రం నేనే వేస్తా."

ఆయన నవ్వాడు. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. రాత్రి భోజనంలోపు దిమ్మ కింద ఇంకో పొర పోసి డెబ్బై అయిదు చేశాడు. నేను సీసం సీలు వేశాను.

గురువారం అమ్మాయి పరీక్ష పాసైంది. తిరిగొచ్చేటప్పుడు తనే నడిపింది. పక్కన మా ఆయన, వెనక నేనూ అత్తయ్యా, అందరం బెల్టులు పెట్టుకుని. ఎత్తు రోడ్డు సగం ఎక్కామో లేదో, వెనకనించి టుర్రుమని చప్పుడు. ముసలాయన, పెద్దావిడ, మధ్యలో సిలిండరు. మలుపుకి ముందే మమ్మల్ని దాటేశారు. పెద్దావిడ వెనక్కి తిరిగి మళ్ళీ అదే జాలి చూపు చూసింది.

"తొక్కవే!" అని అరిచింది అత్తయ్య, ముందు సీటు మీద చరుస్తూ. "తొక్కు! పరువు పోతోంది!"

"ఎలా తొక్కను నానమ్మా?" అంది మా అమ్మాయి నవ్వుతూ. "కింద నా పన్నుంది."

మా ఆయన కిటికీ అద్దం దించి, పెద్దావిడకి చెయ్యి ఊపాడు.